తెల్లమ్మ ముఖం

మా అపార్ట్‌మెంటు పక్కన ఇంకో అపార్ట్‌మెంటు లేస్తోంది. తాడేపల్లిలో ఇదేమీ వింత కాదు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ బాల్కనీలో నిలబడితే కింద పనివాళ్ళు నాపరాళ్ళు కోస్తున్నారు. తిరిగే చక్రం మీద ఒకతను నీళ్ళు పోస్తుంటే ఆ తడి రాతిపిండి వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. మా ఆయన దుమ్మని విసుక్కుంటూ తలుపు వేసేశాడు. నేను మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ వాసన వస్తే నాకు మస్తాన్ వలీ గారు గుర్తొస్తారు. ఆయన రాయిని ముందు ముక్కుతో చూసేవారు. తర్వాత చేత్తో చూసేవారు. కళ్ళజోడు సవరించుకుని కళ్ళతో చూడటం ఆ తర్వాతే. యంత్రం వంతు ఎప్పటికో వచ్చేది.

గుంటూరులో పాత శిల్పాలు, తాళపత్రాలు, రంగుబొమ్మలు పాడవకుండా చూసే ఒక చిన్న ప్రయోగశాల ఉంది. కెమిస్ట్రీ చదువుకుని నేను అక్కడ ఉద్యోగంలో చేరేనాటికి ఆయనే దానికి పెద్ద. పెద్ద అంటే ఏదో ఊహించుకోకండి. ఉన్నదే నలుగురం, రెండు గదులు. చీరాల వైపు మనిషి. తాత దూది ఏకేవాడట, తండ్రి పరుపులు కుట్టేవాడట. "పాత పరుపు విప్పే ముందు మా నాన్న ఆ ఇంటివాళ్ళని ఒకటే అడిగేవాడమ్మా, దీనిమీద పడుకునేది ఎవరు అని. అది తెలిస్తే దూది ఎక్కడ ఉండ కట్టిందో విప్పకముందే తెలుస్తుంది" అని ఆయన చెబితే, రాళ్ళ ఆఫీసులో ఈ పరుపుల గోల ఏమిటా అనుకున్నాను. అప్పట్లో నాకు పొగరు కాస్త ఎక్కువే. ఇప్పుడు తగ్గిందని మా ఆయన ఒప్పుకోడు, అది వేరే సంగతి.

చేరిన మొదటి రోజు నా ముందు అరచేయంత రాతిముక్క పెట్టి, "ఇందులో ఏమేం కనబడుతున్నాయో రాసుకురా సుజాతా, తొందరేం లేదు" అన్నారు. పన్నెండు కాకముందే పేజీ నింపేశాను. సున్నపురాయి, తామరరేకు చెక్కడం, ఒక అంచు విరిగింది, పైన మసి పొర. ఆయన మొత్తం చదివి, "బాగుంది. వెనక వైపు చూశావా?" అన్నారు. తిప్పి చూడాలని నాకు తట్టనే లేదు. వెనక ఉలి గాట్ల మధ్య తెల్లటి గీత ఒకటి ఉంది, వేలు తుడుచుకున్నట్టు. "ఇది తాంబూలం సున్నం. రాయి ఏదో ఇంటి అరుగు పక్కన చాలాకాలం ఉంది. ఆ అరుగు మీద తాంబూలం వేసుకునే మనిషి కూర్చునేవాడు. ఈ వైపుకి తిప్పి పెట్టారంటే చెక్కడం గోడలోకి పోయింది, అందుకే ఇంతమాత్రమైనా మిగిలింది" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆ వేలి గీతను ఆ రోజు సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్నాను.

చేరిన రెండో ఏడు అద్దంకి దగ్గర ఒక ఊరి నుంచి కబురొచ్చింది. ఊరి చివర మిరప చేలకు వెళ్ళే దారిలో రేకుల పాక కింద ఒక సున్నపురాతి పలక ఉంది. పలక మీద నిలబడిన ఆడమనిషి. ఏ కాలంలోనో ఏదో స్తూపానికో మండపానికో చెక్కిన పలక అయి ఉంటుంది. ఊరికి మాత్రం ఆమె తెల్లమ్మ తల్లి. ఏటా మిరప కోతలు మొదలయ్యే ముందు ఆడవాళ్ళు ఆమెను కడిగి, పసుపు రాసి, మొదటి పండుకాయలు దండ గుచ్చి వేస్తారు. ఆ తర్వాతే చేలోకి దిగుతారు. ఇప్పుడు తెల్లమ్మ ముఖం పొడిపొడిగా రాలిపోతోందని ఊరివాళ్ళ భయం. కళ్ళు, ముక్కు, పెదవులు అప్పటికే పోయాయి. వేలితో తాకితే పిండి అంటుకుంటోంది.

మేం వెళ్ళేసరికి పాక చుట్టూ ఇరవైమంది దాకా ఉన్నారు. మస్తాన్ గారు చెప్పులు విప్పి, పాక బయటే ఆగి, "ఇక్కడ అమ్మవారిని చూసుకునేది ఎవరండీ?" అని అడిగారు. డెబ్భై దాటిన ఒక ముసలావిడ ముందుకొచ్చింది. పేరు కోటమ్మ. "నేను ముట్టుకోవచ్చా అమ్మా?" అన్నారాయన. ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసి తలూపింది. వెనకాల నుంచి ఎవరో, "సాయిబు గారు కదా, అమ్మవారిని ముట్టుకుంటే ఎట్టా" అని గొణిగారు. కోటమ్మ గిర్రున తిరిగింది. "ఆయన అడిగి ముట్టుకుంటన్నాడు. మొన్న ఫొటోలు దిగినోళ్ళు మీదకెక్కి కూర్చున్నారే, వాళ్ళెవరన్నా అడిగారంట్రా?" అంది.

ఆ రోజు రాలిన పిండి కొంచెం సీసాలో పట్టుకుని గుంటూరు వచ్చాం. మర్నాటి నుంచి మస్తాన్ గారికి పదిరోజుల సెలవు, కూతురి పెళ్ళి. వెళ్తూ వెళ్తూ, "పరీక్షలు చేసి పెట్టు. రిపోర్టు నేనొచ్చాక రాద్దాం" అన్నారు. పిండిని శుద్ధమైన నీళ్ళలో కలిపి సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాను. నీళ్ళు ఒక్కసారిగా పాలలా తెల్లబడ్డాయి. అంటే ఉప్పు. యంత్రం కింద పెట్టి చూస్తే అదీ ఉప్పనే చెప్పింది. ప్రకాశం వైపు నేలలో ఉప్పు ఎంతుంటుందో మాకు తెలియనిదా? గుంటూరులో పుట్టిన వాళ్ళం, అటు చుట్టాలింటికి వెళ్ళినా నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళే జాతి. భూమిలోని ఉప్పు తడితోపాటు రాతిలోకి ఎక్కుతుంది, ఎండితే గడ్డకట్టి రాయిని లోపల్నుంచి పగలగొడుతుంది. బోరు నీళ్ళతో కడగడం దానికి తోడు. పుస్తకంలో ఉన్న జబ్బు ఉన్నట్టే దొరికింది, ఇక కావలసిందేముంది?

ఇంతలో పై ఆఫీసు నుంచి ఫోను. అక్కడి పెద్దమనిషి మాట్లాడింది నేరుగా నాతో. "మీరే చూస్తున్నారటగా, ఏం తేలింది?" అని అడిగితే నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ సాయంత్రమే రిపోర్టు రాసి మెయిల్ చేసేశాను. భూమి ఉప్పును ఆపడం అక్కడ సాధ్యం కాదనీ, రాయిని ఊరి నుంచి తీసి మ్యూజియానికి తరలించాలనీ రాశాను. మస్తాన్ గారు పెళ్ళి పనుల్లో ఉన్నారు, ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాలుగు రోజులకే ఉత్తర్వు వచ్చింది. రెండు వారాల్లో లారీ వెళ్తుందని ఊరికి కాగితం పంపారు.

సెలవు నుంచి వచ్చిన రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పెళ్ళి లడ్డూలు అందరికీ పంచి, నా రిపోర్టు తీసుకుని కూర్చున్నారు. తిడితే బాగుండేది.

"మెషీన్ ఏం చెప్పిందమ్మా?"

"ఉప్పుందని చెప్పింది సార్."

"ఉప్పు నేలలోంచి వచ్చిందని చెప్పిందా?"

"అది చెప్పలేదు సార్."

"ఆ ఊరి బోరు నీళ్ళు తాగావా నువ్వు?"

"లేదు సార్. బాటిల్ తీసుకెళ్ళాను కదా."

"మరి నేల నుంచి ఉప్పు ఎక్కితే ముందు పోవాల్సింది పాదాలు. ఆవిడ పాదాల గోళ్ళు కూడా చెక్కుచెదరలేదు. ఉప్పు పాదాల్ని వదిలేసి మొహం దాకా ఎందుకెక్కింది?" అని, నా మొహం చూసి గొంతు తగ్గించారు. "నాకూ తెలియదు. రేపు వెళ్ళి అడుగుదాం పద."

ఆ రాత్రి నాకు ఆయన మీద కోపం వచ్చిన మాట నిజం. తెల్లారేసరికి ఆ కోపం నా మీదకే తిరిగింది.

ఊళ్ళో మమ్మల్ని చూసి ఎవరూ పలకరించలేదు. తెల్లమ్మను తీసుకెళ్ళే వాళ్ళం మేమే కదా మరి. మస్తాన్ గారు నేరుగా బోరింగు దగ్గరికి వెళ్ళి దోసిలి పట్టి తాగారు. నన్నూ తాగమన్నారు. తియ్యటి నీళ్ళు. మా గుంటూరు కుళాయి నీళ్ళ కంటే నయం. సంచిలో ఉన్న నీళ్ళ సీసాను ఎవరికీ కనబడకుండా లోపలికి తోశాను.

తర్వాత పాకలోకి వెళ్ళి ఆయన భూతద్దంతో తెల్లమ్మ చెవి దగ్గర చాలాసేపు వంగి నిలబడ్డారు. చెవి మడతలో గోధుమరంగు పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. "ఇదేంటి?" అంటే, "కొబ్బరి పీచు సార్" అన్నాను. "కొబ్బరికాయ ఆవిడ చెవిలో కొడతారా?" అన్నారు నవ్వకుండా. పట్టకారుతో తీసి గాజుబిళ్ళ మీద పెట్టి, ఒక చుక్క శుద్ధమైన నీళ్ళు వేసి నాననిచ్చారు. ఆ చుక్కలో నీలి లిట్మస్ కాగితం ముంచితే కొస ఎర్రబడింది. పులుపు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన ముఖంలో గెలిచానన్న సంతోషం ఏమీ లేదు. అసలు సంగతి ఏమిటో తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది.

కోటమ్మ పాక మెట్టు మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. "తెల్లమ్మను ఎట్టా కడుగుతారమ్మా?" అని ఆయన అడిగితే ఆవిడ ముఖం విప్పారింది. "పసుపు, నూనె, పొగ పట్టి ఏడాదికి నల్లబడిపోద్ది నాయనా. తెల్లమ్మ నల్లంగా ఉంటే బాగుంటదా? మా అత్త ఉత్త నీళ్ళతో కడిగేది. నేను కాపరానికొచ్చినాక చింతపండు, రాళ్ళుప్పు కలిపి తోమటం మొదలుపెట్టా. బిందెలకి తోమినట్టే. మొహం మట్టుకు ఎవర్నీ తోమనియ్యను, నేనే తోమతా. తోమినాక చూడాలి, పాలమీగడే అనుకో" అంది. పాదాలకు మటుకు పసుపు పొర ఎప్పటికీ తీయరట, తీయకూడదట.

చెవి మడతలో దొరికింది చింతపండు పీచన్నమాట. ఆయన ఊళ్ళో ఎవరినో అడిగి కాస్త చింతపండు తెప్పించి పులుసు పిండి, పాక వెనక పడి ఉన్న అదే జాతి రాతిముక్క మీద ఒక చుక్క వేశారు. భూతద్దం నా చేతికిచ్చారు. చుక్క కింద సన్నటి బుడగలు లేస్తున్నాయి. రాయి కరుగుతోంది. ఆ మీగడ తెలుపంతా పైపొర పోయి లోపలి రాయి బయటపడటమే. చిట్లిన ఆ రాతిలోకి ఏటేటా వంటింటి ఉప్పు దిగి, ముఖాన్ని లోపల్నుంచి పిండి చేసింది. ఉప్పని యంత్రం చెప్పింది నిజమే. మిగతాదంతా నేను కల్పించుకున్నదే.

"సార్, కారణం తెలియలేదని రాద్దాం. పాపం ఆవిడ" అన్నాను.

"తెలియలేదంటే లారీ వస్తుంది. ఇది ఆపగలిగిన జబ్బని రాస్తేనే రాయి ఊళ్ళో ఉంటుంది" అన్నారు. "పేరు రాయం. పులుపు, ఉప్పు కలిపి తోమడం వల్ల అని రాస్తాం. కానీ ఆఫీసుకంటే ముందు ఆవిడకి తెలియాలి. నువ్వు చెప్పు."

"నేనా?"

"తప్పు రిపోర్టు పంపింది నువ్వేగా. ఒప్పుది కూడా నీ నోటి నుంచే రానీ."

ఎలా చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ బుడగల్ని భూతద్దంలో చూపించినట్టు గుర్తు. ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. "అయితే ఆవిడ మొహాన్ని నేనే అరగదీశానా, ఇన్నేళ్ళూ?" అంది. గొంతులో ఏడుపు లేదు. అదే నాకు భరించలేనట్టు అనిపించింది. నేను ఏదో అనబోతే మస్తాన్ గారు నన్ను ఆపి, వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"నేనూ ఒక బొమ్మని పాడు చేశానమ్మా" అన్నారు.

ఆ సంగతి నేను అప్పుడే వినడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారని తొందరపడి, ఒక రాతి పలకను నీళ్ళు కలిపిన యాసిడ్‌తో కడిగారట. పలక మీద నలుగురు ఆడవాళ్ళు. మెరిసిపోయిందని అందరూ మెచ్చుకున్నారట. ఆర్నెల్ల తర్వాత పాత ఫొటో చూసుకుంటే ఒకామె చేతివేళ్ళకు గోళ్ళున్నాయి. పలక మీద లేవు. "ఎవరూ కనిపెట్టలేదు. నేను చదువుకున్నవాణ్ణి, పుస్తకంలో చూసే చేశాను. నువ్వు మీ బిందె చూసి చేశావు. నాదే పెద్ద తప్పు కదమ్మా" అన్నారు. ఆ మాట ఆవిడను ఊరడించడానికి అల్లింది కాదు.

కోటమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "పోన్లే నాయనా. తెలిసి చేశావా ఏంది?" అంది. అన్నాక ఆగిపోయింది. తను ఎవరికి చెప్పిందో అప్పుడు తనకే వినబడినట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

తేరుకున్నాక ఆవిడే అడిగింది, ఇక తను తెల్లమ్మను ముట్టుకోకూడదా అని. "నువ్వు కాక ఎవరు ముట్టుకుంటారు?" అని ఆయన సంచిలోంచి మెత్తటి కుంచె తీసి ఆవిడ చేతిలో పెట్టి, పై నుంచి కిందికి దుమ్ము ఎలా దులపాలో నేర్పారు. పసుపు పాదాలకే, కోతల ముందు కడగడం పక్కన పెట్టిన ఇంకో రాతికి అని ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "అమ్మా, నువ్వు కాపరానికొచ్చేనాటికి ఆవిడ మొహం ఎట్టా ఉండేది?"

ఆ ముఖానికి ఫొటో లేదు. నేను అన్నిచోట్లా వెతికాను. పాత ఫైళ్ళలో పలక పేరైనా లేదు. ఆ ముఖం చూసినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు గానీ, దాని ఎత్తుపల్లాలు కొలిచినట్టు తెలిసింది దాన్ని పోగొట్టిన కోటమ్మ చేతికే. మస్తాన్ గారు నాకు కాగితాలు, పెన్సిలు ఇచ్చి గీయమన్నారు. కోటమ్మకు మాటల్లో చెప్పడం రాలేదు. కాసేపు తడుముకుని, "నీ మొహం ఇటు పెట్టమ్మా" అంది. కళ్ళు మూసుకుని బొటనవేలు నా కనురెప్ప మీద పెట్టింది. గరుకు వేలు, మిరపకాయల ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇక్కడ నీకన్నా కాస్త ఎత్తుగా ఉంటది. కళ్ళు కిందికి చూస్తా ఉంటయ్. బుగ్గ ఇట్టా నిండుగా... పెదిమ ఈ కొసన మడత పడ్డది, నవ్వాపుకున్నట్టు. ముక్కు పక్కన పుడక."

"సార్, ఆ కాలం శిల్పాల్లో ముక్కుపుడక ఉండదు" అన్నాను మెల్లగా.

"ఆవిడ చెప్పింది గియ్యి. నీ అనుమానం కింద రాసిపెట్టు. రెండూ ఉండాలి" అన్నారు.

రెండు మధ్యాహ్నాలు పట్టింది. గుంటూరు వచ్చాక పై ఆఫీసుకు ఉత్తరం నా చేత్తోనే రాశాను. నీళ్ళు పరీక్షించకుండా రాశాననీ, నా రిపోర్టు తప్పనీ, వెనక్కి తీసుకుంటున్నాననీ. నా సంతకం కింద ఆయనా సంతకం పెట్టారు. అవతల ఏం మాటలు పడ్డారో ఆయన నాకు చెప్పలేదు. లారీ మాత్రం రాలేదు. ఆ ఉత్తరం వల్ల నాకు రావలసిన ప్రమోషన్ ఆలస్యమైంది, దానికి కొన్నాళ్ళు ఏడ్చాను కూడా. ఇప్పుడు ఆ ఉత్తరం నకలు నా బల్ల సొరుగులోనే ఉంటుంది. మెషీన్ నుంచి అంకె రాగానే పరుగెత్తబుద్ధైతే సొరుగు తీస్తాను. ఏ ఊరు వెళ్ళినా ముందు అక్కడి నీళ్ళు తాగుతాను, రెండుసార్లు జబ్బుపడ్డాను కూడా.

కోటమ్మ పోయి నాలుగేళ్ళు దాటింది. మస్తాన్ గారు నిరుడు పోయారు. తెల్లమ్మ ఊళ్ళోనే ఉంది, పొడి రాలడం ఆగింది. పోయిన నెల తుళ్ళూరు వైపు దొరికిన రాళ్ళను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న ఇంజనీరు ఒకామె, ఆ పనిలో పనిగా తెల్లమ్మనూ స్కాన్ చేయడానికి నాతో వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నది ఉన్నట్టు పట్టుకునే యంత్రం. తెర మీద తెల్లమ్మ నున్నటి ఖాళీ ముఖంతో మెల్లగా తిరుగుతోంది. ఆ ఇంజనీరమ్మాయి ఫైల్లో నా పెన్సిలు బొమ్మ చూసి ఆగింది. కింద ముక్కుపుడక గురించి నా అనుమానం కూడా చదివింది.

"మేడం, దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఇది దేన్ని చూసి గీశారు?" అంది.

అది చూసి గీసింది కాదు. "నీ మొహం ఇటు పెట్టమ్మా" అన్నాను. కళ్ళు మూసుకుని నా బొటనవేలు ఆమె కనురెప్ప మీద పెట్టాను. ఇక్కడ నీకన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది, అని మొదలుపెట్టాను.